మోకాలి లోతు ప్రధాన స్రవంతి

పరాయి దేశంలో శాంతిని కాపాడడానికి మా పోలీసు పటాలం వెళ్ళిన మూడో నెలలో ఆడవాళ్ళ గురించి పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఆ దేశం పేరు బయటపెట్టనని సంతకం పెట్టి వచ్చాను కనక ఇక్కడ రాయను. ఎర్రమట్టి, ముళ్ళ తుప్పలు, ఒక వాగు. వాగుకు ఇవతల మైలు దూరంలో మా డేరాలు. వాటికి ఆనుకొని, ఊళ్ళు తగలబడితే పారిపోయి వచ్చిన నాలుగు వేల మంది గుడిసెలు. మేం నూట నలభై మందిమి. అందులో మగవాళ్ళు నూట ముప్పై తొమ్మిది.

మిగిలిన ఆ ఒక్కరి పేరు పొట్నూరు సూరీడమ్మ. హెడ్ కానిస్టేబులు, శ్రీకాకుళం వైపు మనిషి. నేను పటాలం రైటరును. రైటరంటే కథలల్లేవాడు కాదు. వచ్చిన కాగితానికి నంబరు వేసి, పోయే కాగితానికి నకలు తీసే పోలీసు.

శాంతిరక్షణలో మహిళల పాత్ర అన్న మాట ఆ ఏడు ప్రపంచమంతా ఊపు మీద ఉంది. మంచి మాటే. అంతర్జాతీయ కార్యాలయం వాళ్ళు దాన్ని ఇంగ్లీషులో రాసి పంపారు. మన రాజధానిలో తెలుగు చేశారు. పటాలానికి వెళ్ళే ప్రతి కాగితమూ తెలుగులోనే వెళ్ళాలని అంతకు ముందు నెలలోనే ఇంకో ఉత్తర్వు వచ్చింది మరి. ఇంగ్లీషు ప్రతి మాకు పంపలేదు. పంపితే తెలుగును అవమానించినట్టట.

ఉత్తర్వు ఇది: "శిబిరమందలి అన్ని అంతస్తులయందును లింగ దృక్కోణమును విధిగా పొందుపరచి, తొంబది దినములలోగా అనుపాలన నివేదిక సమర్పించవలెను."

మా కమాండెంటు ప్రద్యుమ్నరావు గారు మర్నాడే సమావేశం పెట్టారు. ఆయన చెడ్డవాడు కాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక్క కాగితం కూడా ఆలస్యంగా పంపని మనిషి. అదే ఆయన జబ్బు.

"మొట్టమొదటి ప్రశ్న. మనకు అంతస్తులెన్ని?" అన్నారు.

"లేవండి. అన్నీ డేరాలే కదండీ" అన్నాడు ఇంజనీరు కోదండపాణి.

"లేవని రాస్తే ఏమవుతుంది? మహిళలకు చోటివ్వడానికి మన దగ్గర అంతస్తే లేదన్నట్టు అవుతుంది."

నేను నెమ్మదిగా అన్నాను. "సార్, ఇక్కడ అంతస్తులంటే స్థాయిలేమో. ఒక్కసారి ఇంగ్లీషు ప్రతి తెప్పించుకుంటే..."

"రైటర్ గారూ, ఉత్తర్వుకు అర్థం అడిగామంటే, అది మనకు అర్థం కాలేదని రికార్డయిపోతుంది. నా సర్వీసులో అలాంటి ఎంట్రీ లేదు. ఉండబోదు."

అప్పుడు సూరీడమ్మ లేచింది. "సారూ, ఒక్క మాట. గుడిసెల్లో ఆడోలు తెల్లారగట్ల ఐదింటికి నీళ్ళకి వాగుకెల్తారు. మన గస్తీ బండి పదింటికెల్తంది. తుపాకీలోలు ఐదింటికే తుప్పల్లో కాపేస్తన్నారు. కిందటి నెల ఇద్దర్ని ఈడ్సుకుపోనారు. పదింటికి మనం ఎల్లేసరికి అక్కడ ఏటుంటాది? మేకలుంటాయి. బండి ఐదింటికి పంపండి సారూ, సాలు."

గస్తీ పదింటికే ఎందుకంటే, టిఫిను తొమ్మిదిన్నరకు అవుతుంది కనక. వేరే యుద్ధ వ్యూహమేదీ లేదు.

కమాండెంటు గారు జాలిగా విన్నారు. "నువ్వు చెప్పింది తీవ్రమైన విషయమేనమ్మా. కాదనను. కానీ అజెండాలో లేదు. ఇవాళ మనం మహిళల గురించి మాట్లాడుకుంటున్నాం."

సూరీడమ్మ కూర్చుంది. చర్చ ముందుకు సాగింది.

లింగ దృక్కోణం అంటే ఏమిటన్నది తర్వాతి అంశం. శిబిరంలో చిన్న గుడి ఉండేది, అందులో పూజ చేసే కానిస్టేబులు చెయ్యెత్తాడు. "లింగాన్ని చూసే కోణం శాస్త్రంలోనే ఉంది సార్. నంది వెనకాల నిలబడి, వృషణాలు నిమిరి, రెండు కొమ్ముల మధ్య నుంచి చూడాలి. దానికి మించిన దృక్కోణం లేదు." కమాండెంటు గారు కాసేపు నిజంగానే ఆలోచించారు. చివరికి, ఇది అంతర్జాతీయ వ్యవహారం కనక నందిని వాడితే మిగతా మతాల వాళ్ళు అభ్యంతరం చెప్పొచ్చని పక్కన పెట్టారు.

"కోణమన్నాక డిగ్రీలుండాలి కదండీ" అన్నాడు కోదండపాణి. అతనికి తెలిసిన ప్రపంచం అది.

"ఎన్ని?"

"మామూలుగా మహిళలకు కేటాయించేది ముప్పై మూడు శాతమండి."

"అయితే ముప్పై మూడు డిగ్రీలు. రాసుకోండి."

"పైకాండీ, కిందికాండీ?"

కమాండెంటు గారు కళ్ళజోడు తీశారు. "మహిళాభ్యున్నతి అంటాం. మహిళావనతి అంటామా? పైకే."

"పైకి సూస్తే ఏటి కనబడతాది సారూ? కాకులు కనబడతాయి" అంది సూరీడమ్మ.

"ఆశయం కనబడుతుందమ్మా."

బియ్యం బస్తాలు వచ్చిన ఇనప కంటెయినర్లు మూడు ఖాళీగా పడి ఉన్నాయి. వాటిని ఒకదాని మీద ఒకటి ఎక్కించారు. మూడు అంతస్తులు వచ్చాయి. ప్రతి అంతస్తులోనూ రేకు కోసి, ముప్పై మూడు డిగ్రీలు పైకి చూసేట్టు ఒక కంత పెట్టారు. కంత ఏ ఎత్తులో ఉండాలి? మహిళ కన్ను ఎంత ఎత్తులో ఉంటే అంత. సూరీడమ్మను గోడకు నిలబెట్టి కన్ను ఎత్తు కొలిచారు. నాలుగడుగుల ఎనిమిదంగుళాలు. మూడు అంతస్తులకు మూడుసార్లు కొలిచారు. మూడుసార్లూ అంతే వచ్చింది. మూడింటికీ నేను వేరువేరుగా నంబర్లు వేశాను.

ఈ పనికి ఇరవై మంది కావాల్సి వచ్చి, అన్ని రోజులూ పదింటి గస్తీ కూడా ఆపేశారు; నీళ్ళ ట్యాంకరు వెంట ఒక్క బండి మాత్రం పోయి వచ్చేది.

కట్టడం అయింది. ఇంకో చిక్కు వచ్చింది. "అన్ని అంతస్తులయందును" అని ఉత్తర్వు. మనిషేమో ఒక్కతె. కాబట్టి సూరీడమ్మకు ఒక్కో అంతస్తులో ఇరవై నిమిషాల చొప్పున, ఉదయం నాలుగున్నర నుంచి మధ్యాహ్నం దాకా నిచ్చెన ఎక్కి దిగే డ్యూటీ వేశారు. ఉదయం నాలుగున్నర ఎందుకని అడిగాను. దృక్కోణం తెల్లవారకముందే సిద్ధంగా ఉంటే తనిఖీలో బాగుంటుందన్నారు. డ్యూటీ చార్టులో ఆమె పేరుకు బదులు "దృక్కోణం" అని రాయమన్నారు. రాశాను. వారం తిరక్కముందే శిబిరంలో అందరికీ అదే అలవాటైంది.

"ఏరా, రెండో అంతస్తు ఖాళీగా ఉందేంటి?"

"దృక్కోణం టిఫినుకెళ్ళిందన్నా."

నవ్వులాటగానే ఉండేది. కానీ దానివల్ల జరిగింది చెప్పాలి. ఆ ఇద్దర్ని ఈడ్చుకుపోయిన దగ్గర్నుంచి ఈ డ్యూటీ పడేదాకా సూరీడమ్మ రోజూ తెల్లవారుజామున తన సొంత పూచీ మీద లాఠీ పట్టుకొని ఆ ఆడవాళ్ళతో వాగుకు పోయేది. యూనిఫారం ఒకటి కనబడితే తుప్పల్లోవాళ్ళు కొంత వెనకాడేవారు. అలా నడుస్తూనే వాళ్ళ భాషలో ఓ యాభై మాటలు పట్టింది. కుండ మొయ్యడంలో ఆమెకు సాటి లేదని వాళ్ళ పెద్ద అచోల్ కూడా ఒప్పుకుంది. అచోల్ వెదురుగడలా పొడుగ్గా ఉండే యాభై ఏళ్ళ మనిషి. ఎవరికీ భయపడదు, ఎవర్నీ పొగడదు.

డ్యూటీ పడ్డాక సూరీడమ్మ ఆ సమయానికి కంతలోంచి ఆకాశం చూస్తూ ఉండేది. ఆరో రోజున వాగు వైపు నుంచి కేకలు వినబడ్డాయి. మూడో అంతస్తులో ఉన్న ఆమెకు రెండు కాకులు, ఒక మబ్బు ముక్క తప్ప ఏమీ కనబడలేదు. నిచ్చెన దిగి పరిగెత్తేసరికి కుండలు పగిలి ఉన్నాయి. అచోల్ ఆఖరి చెల్లెల్ని తీసుకుపోయారు.

మూడో రోజు ఆ పిల్ల తనంతట తనే నడిచి వచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు. సూరీడమ్మ వేణ్ణీళ్ళు కాచి ఆమె కాళ్ళు కడిగింది. ఆ పిల్ల గుడిసెలోంచి బయటికి రావడం మానేసింది. నీళ్ళ దారి వైపు తల కూడా తిప్పేది కాదు.

సూరీడమ్మ నేరుగా కమాండెంటు గారి డేరాకు పోయింది. నేను అక్కడే ఉన్నాను.

"సారూ, బండి ఐదింటికి పంపండి. దండం పెడతన్నాను."

ఆయన ముఖం నిజంగానే పాలిపోయింది. "ఎంత ఘోరం! తీవ్రంగా ఖండిస్తున్నాను. రైటర్ గారూ, ఖండన రాసుకోండి. కానీ గస్తీ సమయం మార్చాలంటే మార్చమని ఉత్తర్వుండాలమ్మా. ఇంకోటి, నువ్వు డ్యూటీ వదిలి పరిగెత్తావట. ఆ పదకొండు నిమిషాలూ మన శిబిరంలో లింగ దృక్కోణం లేదు. ఈసారికి వదిలేస్తున్నాను."

తొంభై రోజులు పూర్తయ్యేసరికి అంతర్జాతీయ కార్యాలయం నుంచి మహిళా భాగస్వామ్య తనిఖీ బృందం దిగింది. ముగ్గురూ మగవాళ్ళే. వాళ్ళ నాయకుడికి ఎర్రటి ముఖం, ఒడి నిండా కాగితాలు. మూడు అంతస్తులూ ఎక్కాడు. కంతలోంచి చూశాడు. చాలా సేపు చూశాడు. అటువైపు మాట ఇటు, ఇటువైపు మాట అటు నేనే చెప్పాను.

"ఎన్నో శిబిరాలు చూశాను. దృక్కోణం పెట్టామని అందరూ అంటారు. చూపించమంటే కాగితం చూపిస్తారు. నేను ఎక్కగలిగిన దృక్కోణం ఇదే మొదటిది" అన్నాడు. తర్వాత సూరీడమ్మను అడిగాడు. "ఇక్కణ్ణుంచి మీకేం కనబడుతుంది?"

"ఆకాశం బావూ. ఇంకేటీ కనబడదు."

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఉప్పొంగిపోయి రాసుకున్నాడు: స్థానిక మహిళా సిబ్బంది తమ అవకాశాలకు ఆకాశమే హద్దని భావిస్తున్నారు.

"అది కాదు బావూ, గస్తీ బండి ఐదింటికి..." అని సూరీడమ్మ మొదలెట్టింది. ఆయన ఓపిగ్గా విని, అది కార్యాచరణ విభాగం చూసే పని, తను చూసేది మహిళలను మాత్రమే అన్నాడు. మా శిబిరానికి ఆదర్శ శిబిరం అని బిళ్ళ ఇచ్చి వెళ్ళాడు.

రెండు వారాలకు రెండో ఉత్తర్వు వచ్చింది: "సదరు ప్రాంతమందలి మహిళలను ప్రధాన స్రవంతిలోనికి తీసుకొనివచ్చి, పురోగతిని కొలిచి ప్రతి వారమును తెలుపవలెను."

మళ్ళీ సమావేశం.

"స్రవంతి అంటే?" అన్నారు కమాండెంటు గారు.

"ప్రవాహమండి. ఏరో వాగో" అన్నాడు కోదండపాణి.

"మరి ప్రధాన?"

"ఇక్కడున్నదే ఒక్క వాగు కదండీ. ఉన్నదే ప్రధానం."

నాకు ఆ మాట అసలు అర్థం తెలుసు. చెబుదామని నోరు తెరిచాను. బల్ల కింద ఎవరో నా బూటును బలంగా తొక్కారు. చూస్తే పక్కన సూరీడమ్మ. నిటారుగా, ఎదుటి డేరా గుడ్డకేసి చూస్తూ కూర్చుంది. నోరు మూసుకున్నాను. నా సర్వీసులో నేను చేసిన మంచి పనులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఇదొకటి.

"సారూ, ఆలు స్రవంతిలోకి దిగేది ఐదింటికి" అంది సూరీడమ్మ. "పదింటికి తీసుకెల్దామంటే ఒక్కతీ రాదు. ఇళ్ళకాడ పనులుంటాయి. వారం వారం పురోగతి కాడ సున్నా రాయాల."

"సున్నాయా?" కమాండెంటు గారు ఉలిక్కిపడ్డారు. "ఆదర్శ శిబిరంలో సున్నా ఎలా రాస్తామమ్మా?"

"మరదే కదా సారూ."

"ఉప్మా నాలుగింటికే చేయమనండి. గస్తీ ఐదింటికి. రెండు బండ్లు వెయ్యండి. మహిళలు స్రవంతిలోకి దిగేంతవరకు ఎవరూ కదలకూడదు."

అలా మొదలైంది. నాలుగు నెలలు నోరెండేలా అడిగితే జరగనిది ఒక తప్పు తర్జుమాతో ఒక పూటలో జరిగిపోయింది. మొదటి నాలుగు రోజులు తుప్పల్లోవాళ్ళు దూరంగా నిలబడి చూశారు. ఐదో రోజు నుంచి కనబడలేదు. నీళ్ళ ట్యాంకరు కూడా, పదింటి గస్తీ వెంట పోయేదల్లా, ఇప్పుడు ఈ బండ్ల వెంటే పోయి శిబిరానికి నీళ్ళు తెచ్చేది.

పురోగతి కొలవాలి కదా. కోదండపాణి గుర్తులు గీసిన కర్ర ఒకటి పట్టుకొని గట్టున నిలబడేవాడు. నేను నివేదిక రాసేవాణ్ణి. మొదటి వారం: మహిళలను చీలమండ లోతు వరకు ప్రధాన స్రవంతిలోనికి తీసుకొనివచ్చితిమి. రెండవ వారం: మోకాలి లోతు. వానలు పడితే నడుము లోతు సాధించగలమని ఆశించుచున్నాము.

నివేదికలో రాయనిది ఒకటుంది. మునుపు ఆ ఆడవాళ్ళు వాగు దగ్గర నోరు మెదిపేవారు కాదు. గబగబా ముంచుకొని పరిగెత్తేవారు. మూడో వారానికి అక్కడ తగువులు మొదలయ్యాయి. నా వంతంటే నా వంతని, నీ కుండ మురికంటే నీ మొగుడు మురికని, వాగు హోరెత్తిపోయేది. అచోల్ చెల్లెలు కూడా ఒక చిన్న కుండతో వచ్చి, అక్క వెనక నిలబడి ఆ తిట్లు వింటూ ఉండేది.

"తిట్టుకుంటన్నారంటే బాగున్నారన్న మాట" అంది సూరీడమ్మ.

నెలా పది రోజులకు సవరణ ఉత్తర్వు వచ్చింది. మా నివేదికలు తిరిగి ఇంగ్లీషులోకి మారి ఎక్కడో ఎవరి బల్ల మీదో పడ్డాయి. మోకాలి లోతు ఏమిటని ఆయనెవరో అడిగాడట. "ప్రధాన స్రవంతి అనగా జలప్రవాహము కాదు. అది ఒక భావన. కావున మహిళలను నీటి వద్దకు కొనిపోవుట తక్షణము నిలిపివేసి, నెలకొక సదస్సు జరుపవలెను."

అంతస్తుల గురించి మాత్రం ఎవరూ అడగలేదు. బిళ్ళ ఇచ్చేశారు కదా.

"రేపట్నించి గస్తీ మామూలు ప్రకారం పదింటికి" అన్నారు కమాండెంటు గారు. సూరీడమ్మ సెల్యూటు కొట్టి బయటికి నడిచింది.

మర్నాడు ఐదింటికి అరవై మంది ఆడవాళ్ళు కుండలతో గేటు దగ్గరికి వచ్చారు. బండ్లు కదల్లేదు. సంగతి చెప్పాల్సింది సూరీడమ్మే. ఆమె దగ్గరున్న యాభై మాటల్లో భావనకు మాట లేదు. వెతుక్కొని, వెతుక్కొని, గాలి అంది. మీ వాగు నీళ్ళు కాదట, గాలట, అందుకని బండి రాదట అంది.

అచోల్ ముందు నవ్వింది. తర్వాత వెనక్కి తిరిగి రెండు ముక్కలు చెప్పింది. అరవై కుండలూ గేటుకు అడ్డంగా వరసగా దిగాయి. వాటి వెనక అరవై మందీ కూర్చున్నారు.

ఎనిమిదింటికి శిబిరంలో నీళ్ళైపోయాయి. టిఫిను కాలేదు. పదింటికి గస్తీ బండి, దాని వెనక ట్యాంకరు గేటు దాకా వచ్చి ఆగిపోయాయి. హారన్లు మోగాయి. కుండలు కదల్లేదు. కమాండెంటు గారు, తనకోసం దాచి ఉంచిన ఒక్క బకెట్టుతో చేస్తున్న స్నానం మధ్యలోంచి, తువ్వాలు చుట్టుకొని వచ్చారు. ఒక చెవి నిండా సబ్బు.

"ఏమిటిది? ఏ నిబంధన కింద కూర్చున్నారు? వాళ్ళ డిమాండు ఏమిటో రాతపూర్వకంగా ఇమ్మను."

అచోల్ కూర్చున్న చోటు నుంచి లేవకుండానే ఏదో అంది. సూరీడమ్మ తెలుగు చేసింది.

"మా వాగు గాలైతే, మీ బండి దేనికెల్తందని అడగతంది సారూ."

ఆయన ట్యాంకరు వైపు చూశారు. చెవిలో సబ్బు ఎండి చిటపటమంటోంది కాబోలు, వేలు పెట్టి తిప్పుకున్నారు. నూట ముప్పై తొమ్మిది మంది ఖాళీ కడుపులతో ఆయన్నే చూస్తున్నారు.

"బలప్రయోగం చేస్తే?" అని నా చెవిలో అడిగారు.

"మహిళల మీదా సార్? ఆదర్శ శిబిరంలోనా?" అన్నాను.

"అదీ నిజమే." గొంతు తగ్గించి సూరీడమ్మతో అన్నారు. "ఏం చేద్దామమ్మా? ఉత్తర్వు స్పష్టంగా ఉంది. మహిళలను నీటి దగ్గరికి తీసుకుపోకూడదు."

"తీసుకుపోవద్దు సారూ. మనం ట్యాంకర్ని తీసుకెల్దాం. ట్యాంకరు ఎల్తే ఎంట గస్తీ బండుండాలని రూలు ఉంది కదా. ఆ ట్యాంకరు ఐదింటికి ఎల్లాల. పక్కన దారమ్మట ఎవులు నడుస్తన్నారో మనకేటి? రోడ్డు మనదా?"

"అంటే మనం తీసుకెళ్ళేది నీళ్ళను."

"నేదు సారూ, ఎల్లినప్పుడు ఖాళీ ట్యాంకరు. వచ్చినప్పుడు నీళ్ళు."

"ఐదే ఎందుకు?"

"పదైతే ఈలు గేటు కాడ కూకుంటారు కదా సారూ."

కమాండెంటు గారు చాలాసేపు ఆలోచించారు. నీళ్ళ ట్యాంకరు సమయం మార్చడానికి ఉత్తర్వు అక్కర్లేదు. వంటశాల ఇన్‌చార్జి సంతకం చాలు. "అయితే ఇందులో మహిళల ప్రస్తావనే లేదు" అన్నారు.

"ఎక్కడా నేదు సారూ."

ఆయన తలూపారు. సూరీడమ్మ అచోల్‌తో నాలుగు మాటలంది. కుండలు లేచాయి. ఆ పూటకు పది దాటాకే అందరూ కలిసి వెళ్ళారు. మర్నాటి నుంచి ఐదింటికి.

నెలాఖరు నివేదికకు కమాండెంటు గారు నన్ను పిలిచారు. సదస్సు జరగలేదు. జరపమంటే ఆడవాళ్ళు మాకు నీళ్ళ పనుందన్నారు. మహిళల భాగస్వామ్యం అన్న చోట ఏదో ఒకటి రాయాలి. ఆయన డేరా గుమ్మంలో నిలబడి, తెల్లవారు వెలుతురులో వాగు దారి వైపు చూశారు. ట్యాంకరు మెల్లగా పోతోంది. దాని చుట్టూ కుండలెత్తుకొని, వంతుల గురించి అప్పుడే కీచులాడుకుంటూ అరవై మంది నడుస్తున్నారు.

"రాసుకోండి" అన్నారు, గొంతు సవరించుకొని. "శిబిరపు నీటి ట్యాంకరునకు అరువది మంది స్థానిక మహిళలు ప్రతిదినమును రక్షణగా నడుచుచు, శాంతిరక్షణయందు నేరుగా పాల్గొనుచున్నారు."

నేను కలం ఆపాను. "సార్, రక్షణ ఎవరు ఎవరికి?"

"భాగస్వామ్యం ఉందా లేదా అని అడిగారు గాని, ఎవరు ఎవరికి అని అడగలేదు. రాయండి."

రెండో బండి ఎక్కబోతున్న సూరీడమ్మ ఆ మాట విని ఆగింది. గుమ్మంలోంచి తల లోపలికి పెట్టి నా కాగితం మీదికి చూసింది.

"రాయండి రైటరు బావూ, రాయండి. ఈలు కూకోకపోతే ఆ ట్యాంకరు ఐదింటికి ఎల్తాదా? వచ్చిన కాణ్ణించి మీరు రాసిన కాగితాల్లో ఇదొక్కటే నిజం."